గడ్డ నేర్చుకుంది

నోటి క్యాన్సర్‌లో ఒకసారి కరిగిన గడ్డ మళ్ళీ మందుకి లొంగకుండా ఎందుకు పోతుంది? ఆ జవాబు కోసం శాస్త్రవేత్తలు ఇప్పుడు కణం లోపలి ఆర్‌ఎన్‌ఏల్ని గాలిస్తున్నారు.

మూడో కీమో తర్వాత తీయించిన స్కానింగ్ ఫిల్మును వెలుగు పెట్టెకి తగిలించి డాక్టరు చాలాసేపు మాట్లాడలేదు. మా పిన్ని ఫిల్ము వంక చూడలేదు, ఆయన మొహం వంకే చూస్తోంది. బాబాయి ఎడమ బుగ్గకి తువ్వాలు అదిమిపట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళు రాత్రిపూట లారీ నడిపిన మనిషి. నిద్ర ఆపుకోడానికి గుట్కా ఆ ఎడమ బుగ్గలోనే పెట్టుకునేవాడు. గడ్డ కూడా అక్కడే లేచింది.

మొదటి కీమోకి గడ్డ సగం కరిగింది. రెండు వేళ్ళు కూడా పట్టని నోరు మూడు వేళ్ళ మేర తెరుచుకుంది. నెలల తరబడి జావ మీద బతికినవాడు ఆ వారం మెత్తగా కలిపిన పెరుగన్నం తిన్నాడు. ఆ సంగతి పిన్ని ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. రెండో కీమోకి గడ్డ ఉన్నచోటే ఆగింది. మూడోదానికి పెరిగింది.

"మందు పట్టలేదమ్మా" అన్నాడు డాక్టరు.

"మందు మంచిది కాదా డాక్టరు గారూ? ఈయన ఒంటికి పడలేదా? నేను పథ్యంలో ఏమైనా తేడా చేశానా?" మూడో ప్రశ్న అడిగేటప్పటికి ఆవిడ గొంతు పూడుకుపోయింది.

"మందూ మంచిదే, నువ్వు పెట్టిన పథ్యమూ మంచిదే తల్లీ. గడ్డ నేర్చుకుంది."

ఆ మాట నన్ను వదల్లేదు. మెదడు లేని, కళ్ళు లేని మాంసపు ముద్ద నేర్చుకోవడమేమిటి? ఎవరి దగ్గర నేర్చుకుంటుంది, ఎక్కడ దాచుకుంటుంది? బాబాయి పోయాక కూడా ఆ ప్రశ్న పట్టుకుని తిరుగుతూనే ఉన్నాను. తెలిసినంతలో చెప్పే ప్రయత్నం ఇది. మా ఇంటి కథే అయితే రాసేవాణ్ణి కాదు. 2022 లెక్కల ప్రకారం ఆ ఒక్క ఏడాదే మన దేశంలో సుమారు 1,43,000 మందికి కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్లు బయటపడ్డాయి. దాదాపు 80 వేల మంది పోయారు. ప్రపంచం మొత్తం మీద వచ్చే ఈ క్యాన్సర్లలో మూడో వంతుకి పైగా మనవే. మన మగవాళ్ళలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే.

ఉప్పునీటిలో ప్లాటినం

నోటి క్యాన్సర్‌కి ఇచ్చే కీమోలో పెద్దదిక్కు సిస్‌ప్లాటిన్. ఆపరేషన్ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టేటప్పుడు తోడుగా ఇస్తారు. గడ్డ మరీ పెద్దదై కోతకి అందనప్పుడు, బాబాయికి ఇచ్చినట్టు, ముందే మరో రెండు మందులతో కలిపి ఇస్తారు. దీని నిర్మాణం చిత్రమైనంత చిన్నది. నడుమ ఒక ప్లాటినం పరమాణువు, ఒక పక్క రెండు క్లోరిన్లు, మరో పక్క రెండు అమోనియాలు. అంతే. పందొమ్మిదో శతాబ్దం నడిమికే రసాయన శాస్త్రవేత్తలకి తెలిసిన పదార్థం ఇది. మందు అవుతుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. 1965లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియా పెరిగే ద్రవంలోకి కరెంటు పంపి చూస్తుంటే అవి రెండుగా చీలడం మానేసి దారాల్లా సాగిపోయాయి. కారణం కరెంటు కాదు, తీగల కొసన ఉన్న ప్లాటినం కాస్త కరిగి ద్రవంలో కలిసింది. చీలికని ఆపేది చీలికే జబ్బైన క్యాన్సర్‌ని ఎందుకు ఆపదు అన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1978లో అమెరికా ఈ మందుకి అనుమతి ఇచ్చింది.

కీమో వార్డులో పక్కన కూర్చున్న రోజుల్లో నేను గమనించిన సంగతి ఒకటుంది. సిస్‌ప్లాటిన్‌ని ఉప్పునీటి సెలైన్‌లోనే కలిపి ఎక్కిస్తారు. ముందూ సెలైనే, వెనకా సెలైనే. పిన్ని ప్లాస్టిక్ మగ్గు పట్టుకుని ఆయన ఎంత మూత్రం పోశాడో గీతలు చూసి చీటీ మీద రాస్తుండేది. అన్ని నీళ్ళు ఎక్కించేది మూత్రపిండాలు చెడకుండా ఉండటానికి. మందుని ఉప్పులో కలపడం వెనక ఇంకో లెక్క ఉంది. ఉప్పునీటిలో క్లోరైడ్ ఎక్కువ, రక్తంలోనూ ఎక్కువే. అక్కడ ఉన్నంతసేపూ మందులోని క్లోరిన్లు ప్లాటినాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి, మందు నిద్రలో ఉంటుంది. కణం లోపల క్లోరైడ్ చాలా తక్కువ. అక్కడికి చేరగానే క్లోరిన్లు ఊడి వాటి చోట నీళ్ళు చేరతాయి. మందుకి అప్పుడు కోరలొస్తాయి. డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు గ్వానిన్ అక్షరాల్ని కలిపి కరిచి పట్టుకుంటుంది. నిచ్చెనలాంటి డీఎన్‌ఏ అక్కడ వంగిపోతుంది. కణం బాగుచేసుకోడానికి చూస్తుంది. కుదరకపోతే తనని తాను చంపేసుకుంటుంది.

అలా చావాల్సిన కణం బతికిందంటే ఎక్కడో ఒక మెట్టు దగ్గర మందుకి అడ్డం పడిందన్నమాట. లోపలికి రానివ్వకపోవచ్చు. వచ్చినదాన్ని పంపు పెట్టి బయటికి తోడెయ్యొచ్చు. గ్లూటాథయోన్ అనే పదార్థంతో దాని కోరలు పీకెయ్యొచ్చు. వంగిన నిచ్చెనని చప్పున సరిచేసుకోవచ్చు. లేదా దెబ్బంతా తిన్నా చావనని మొరాయించొచ్చు. ఈ పనులన్నీ చేసేవి ప్రొటీన్లు. ఏ ప్రొటీన్ ఎప్పుడు, ఎంత తయారవ్వాలన్న నిర్ణయం మాత్రం చాలామటుకు ఆర్‌ఎన్‌ఏల చేతిలో ఉంది.

రికార్డు గది, నకళ్ళు

మన తాలూకా ఆఫీసు రికార్డు గది గుర్తు తెచ్చుకోండి. అసలు దస్త్రం గుమ్మం దాటదు. కావలసినవాళ్ళకి నకలు రాసిస్తారు, బయట పని జరిగేది ఆ నకలు మీదే. కణంలో డీఎన్‌ఏ ఆ దస్త్రం. దానినుంచి తీసిన నకలే ఎంఆర్‌ఎన్‌ఏ. నకలు బయటికి వచ్చాక దాన్ని చదివి ప్రొటీన్ తయారుచేస్తారు. నా తరం వాళ్ళం బడిలో చదువుకున్నది ఇంతవరకే.

కానీ ఆ దస్త్రంలో ప్రొటీన్ల కోసం రాసి ఉన్నది 2 శాతం కూడా లేదు. మిగతాదాన్ని చాలాకాలం చెత్త కింద జమకట్టారు. ఆ చెత్త అనుకున్న పేజీల నుంచి కూడా కణం తెగ నకళ్ళు తీస్తుంది. వాటినుంచి ప్రొటీన్ రాదు. అవి తోటి నకళ్ళ మీద పెత్తనం చేస్తాయి.

ఈ పెత్తనం మొదట కనిపించింది ఒక మిల్లీమీటరు పొడవుండే నేలపురుగులో. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ ఆ పురుగులో 22 అక్షరాల పొడవున్న బుల్లి ఆర్‌ఎన్‌ఏ ఒకటి పెద్ద నకలుకి అతుక్కుని దాన్ని పనిచేయకుండా ఆపుతోందని చూపించారు. ఇది పురుగుల వింత అని లోకం ఏడేళ్ళు పట్టించుకోలేదు. 2000లో అలాంటిదే రెండోది దొరికింది, అది మనిషి దాకా ఎన్నో జంతువుల్లో ఉందని తేలింది. వీటికి మైక్రో ఆర్‌ఎన్‌ఏలని పేరు. మనిషిలో 2 వేలకు పైగా నమోదయ్యాయి. ఒక్కోటి వందల నకళ్ళని అదుపులో పెట్టగలదు. ఆ ఇద్దరికీ 2024లో నోబెల్ వచ్చింది.

నకలు మీద కూర్చునే ఈ బుల్లి గుమాస్తాలు సాయంత్రానికి ఏ కాగితం చింపాలో, ఏది ఉంచాలో తేలుస్తుంటారు. గుమాస్తా మారితే దస్త్రంలో ఒక్క అక్షరం మారకపోయినా ఊళ్ళో వ్యవహారం మారిపోతుంది. మందుకి లొంగని గడ్డలో జరిగేదాంట్లో కొంత భాగం ఇదే.

బ్రేకు తీసేసిన మిర్-21

నోటి క్యాన్సర్ గడ్డల్లో ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువగా కనిపించే మైక్రో ఆర్‌ఎన్‌ఏ పేరు మిర్-21. ఇది పట్టుకునే నకళ్ళలో రెండు ముఖ్యమైనవి. ఒకటి పీటెన్, కణం పెరుగుదలకి బ్రేకు లాంటిది. రెండోది పీడీసీడీ4, పేరులోనే కణమరణం ఉన్న ప్రొటీన్. మిర్-21 ఎక్కువైతే ఈ రెండు నకళ్ళూ చదవబడకుండానే పోతాయి. బ్రేకు ఉండదు, చావమని చెప్పేదీ ఉండదు. సిస్‌ప్లాటిన్ లోపలికి వచ్చి నిచ్చెనని వంచుతుంది, చెయ్యాల్సిన పని చేస్తుంది. కానీ దెబ్బ తగిలిందన్న కబురు చేరాల్సినచోట వినేవాళ్ళు లేరు.

నన్ను నిజంగా కలవరపెట్టింది ఆ తర్వాత చదివిన సంగతి. కణాలు తమలోంచి చిన్నచిన్న బుడగల్ని బయటికి వదుల్తుంటాయి. ఎక్సోజోములంటారు. వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు ఉంటాయి. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో సిస్‌ప్లాటిన్‌కి లొంగని నోటి క్యాన్సర్ కణాలు వదిలిన బుడగల్ని తీసి, మందుకి లొంగే కణాల మీద వేశారు. లొంగే కణాలు లొంగకుండా పోయాయి. బుడగల్లో మిర్-21 ఉంది. అంటే విద్య ఒక కణం దగ్గర ఆగడం లేదు, పొరుగుకణానికి పొట్లం కట్టి పంపుతోంది. డాక్టరు గారి "నేర్చుకుంది" అన్న మాట వట్టి ఉపమానం కాదని నాకు అర్థమైంది అప్పుడే.

పొట్లాలు పంపేది క్యాన్సర్ కణాలు మాత్రమే కాదు. గడ్డలో మంచి కణాలు కూడా ఉంటాయి, వాటిలో గాయం మానేటప్పుడు పీచు అల్లే ఫైబ్రోబ్లాస్టులు ముఖ్యమైనవి. గడ్డ వాటిని తన వైపుకి తిప్పుకుంటుంది. అలా తిరిగినవి మిర్-196ఏ అనే మరో మైక్రో ఆర్‌ఎన్‌ఏని బుడగల్లో పెట్టి క్యాన్సర్ కణాలకి అందించి, సిస్‌ప్లాటిన్ నుంచి కాపాడుతున్నాయని తల, మెడ క్యాన్సర్ల మీద 2019లో వచ్చిన పరిశోధన చూపించింది. పరాయివాడు దోచుకోవడం వేరు, ఇంటి కాపలావాడే తాళాలిచ్చి పంపడం వేరు.

ఈ మొండితనానికి ఎదురు తిరిగే మైక్రో ఆర్‌ఎన్‌ఏలూ ఉన్నాయి. మిర్-200 కుటుంబం కణాన్ని ఇటుకలా పక్కవాటితో కలిసి కుదురుగా ఉండేలా చూస్తుంది. జెబ్1 అనే ప్రొటీన్ దానికి పగవాడు. ఇది పెరిగితే అది తగ్గుతుంది, అది పెరిగితే ఇది. జెబ్1 గెలిచినచోట కణాలు ఇటుక ఆకారం వదిలి కదురులా సాగి, పక్కవాటి చెయ్యి విడిచి కదలడం మొదలుపెడతాయి. మెడలోని గ్రంథులకి పాకేవి, మందుకి లొంగనివి ఎక్కువగా ఈ సాగిన కణాలే.

గది వదలని పెద్ద ఆర్‌ఎన్‌ఏలు, కొస దొరకని గుండ్రటివి

మైక్రోలు బుల్లివైతే 200 అక్షరాలు దాటిన పొడుగువి ఇంకో తెగ. వీటిలో హోటెయిర్ అనేది 2007లో స్టాన్‌ఫర్డ్‌లో బయటపడింది. పొడవు సుమారు 2,200 అక్షరాలు. ఇది నకలుగా బయటికి పోదు. రికార్డు గదిలోనే తిరుగుతూ, ఏ పేజీలు మూసి సీలు వెయ్యాలో సీలు వేసే ప్రొటీన్లకి దారి చూపిస్తుంది. నోటి క్యాన్సర్ కణాల్లో దీని నోరు నొక్కితే సిస్‌ప్లాటిన్ ముందుకన్నా బాగా పనిచేసిందని ప్రయోగాలు చెప్తున్నాయి. అప్పుడు తగ్గినది ఏమిటంటే, కష్టకాలంలో కణం తనలోని విరిగిన సామాను తానే పొయ్యిలో పెట్టుకుని బతికే అలవాటు. దాన్ని ఆటోఫజీ అంటారు. మందు విరగ్గొట్టినవాటినే వంటచెరకు చేసుకుని ఆ పూట గడిపేసుకోవడం అన్నమాట.

యూసీఏ1 అనేది ఇంకో పొడుగు ఆర్‌ఎన్‌ఏ. దాని పద్ధతి వేరు. మిర్-184 అనే గుమాస్తాని తనకే అతికించుకుని అట్టిపెట్టుకుంటుంది. గుమాస్తా అక్కడ చిక్కుకుపోతే చింపాల్సిన నకలు చిరగదు. ఇలా పీల్చి పట్టుకునేవాటిని స్పాంజీలంటున్నారు.

స్పాంజీల్లో మేటివి గుండ్రటి ఆర్‌ఎన్‌ఏలు. మామూలు ఆర్‌ఎన్‌ఏకి రెండు కొసలుంటాయి. అరిగించే ఎంజైములు ఎక్కువగా కొసల నుంచే మొదలుపెడతాయి. ఈ తెగ రెండు కొసలూ కలిసిపోయి గాజులా ఉంటుంది. కొస దొరకని దారం ఉండని విప్పలేనట్టే దీన్నీ తొందరగా అరిగించలేవు. 2013లో ఒక గుండ్రటి ఆర్‌ఎన్‌ఏ మీద మిర్-7ని పట్టుకునే చోట్లు 70కి పైగా ఉన్నాయని తేలినప్పుడు ఈ రంగంలో పెద్ద కదలిక వచ్చింది. అప్పటినుంచీ నోటి క్యాన్సర్‌లో ఈ గాజు మందుని ఆపుతోంది, ఆ గాజు ఆపుతోందని పత్రాల మీద పత్రాలు.

నకళ్ళ మీద చుక్కల సంగతి ఇంకొకటి ఉంది, అందులో మన పొరుగువాళ్ళ పని ఉంది. ఆర్‌ఎన్‌ఏలో అడినిన్ అక్షరం మీద చిన్న మిథైల్ చుక్క పడుతుంది. చాలాసార్లు ఆ చుక్క పడిన నకలు తొందరగా చెత్తబుట్టకి పోతుంది. ఏఎల్‌కేబీహెచ్5 అనే ప్రొటీన్ ఆ చుక్కని చెరిపే రబ్బరు. భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ పరిశోధకులు కీమో పనిచేయని రోగుల నోటి గడ్డల్లో డీడీఎక్స్3 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండటం చూశారు. ఆర్‌ఎన్‌ఏ చిక్కులు విప్పడం దాని పని. అది ఆ రబ్బరుని పెంచుతోంది. రబ్బరు పెరిగి రెండు నకళ్ళ మీది చుక్కలు చెరిగిపోతున్నాయి. ఫాక్స్ఎం1, నానాగ్ అన్నవి వాటి పేర్లు. రెండూ కణాన్ని మూలకణంలా మొండిగా ఉంచే ప్రొటీన్లు. 2020లో వాళ్ళు అచ్చువేసిన పత్రంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది. డీడీఎక్స్3ని అడ్డుకోడానికి వాళ్ళు వాడింది కీటోరోలాక్ లవణం. మందుల షాపులో నొప్పికి దొరికే కీటోరోలాక్ తాలూకు మందే. ఎలుకల్లో సిస్‌ప్లాటిన్‌తో కలిపి ఇస్తే లొంగని గడ్డలు తగ్గాయి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది ఎలుకల్లో జరిగింది. కీటోరోలాక్ కూడా మూత్రపిండాలకి చేటు చేసేదే, సిస్‌ప్లాటిన్ ఎలాగూ చేస్తుంది. ఇది చదివి ఎవరూ ఆ మాత్ర కొని రోగికి వెయ్యొద్దు.

నేర్చుకుందా, ముందే వచ్చా?

గడ్డ నేర్చుకుందనడంలో ఒక మెలిక ఉంది. వెయ్యి కణాల్లో పది మొదటినుంచీ మొండివి అనుకోండి. మందు తొమ్మిదివందల తొంభైని చంపుతుంది, పది మిగిలి పెరుగుతాయి. అప్పుడు గడ్డ ఏమీ నేర్చుకోలేదు, ఏరివేత జరిగింది అంతే. అలాకాక మొదట అన్నీ లొంగేవే అయి, మందు తగిలాక కొన్ని మారితే అది నేర్చుకోవడం.

సింగపూర్‌లోని జీనోమ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2018లో ఈ ప్రశ్ననే నోటి క్యాన్సర్ రోగుల కణాల మీద పెట్టారు. సిస్‌ప్లాటిన్ ఇస్తూ, విడివిడిగా ఒక్కో కణంలోని ఆర్‌ఎన్‌ఏ మొత్తాన్ని దశలవారీగా చదువుతూ పోయారు. రెండూ జరుగుతాయని తేలింది. రకరకాల కణాలు కలిసిన గడ్డలో ముందునుంచీ మొండివైనవి మిగిలాయి. అన్నీ ఒకే తీరుగా ఉన్న గడ్డలో మాత్రం కణాలు దస్త్రంలో తెరిచి ఉన్న పేజీలు మార్చుకుని, మరో రకం కణాలుగా మారిపోయాయి. ఈ రెండో రకం గడ్డ గురించైతే డాక్టరు గారి మాట అక్షరాలా నిజం.

ఈ తేడా పుస్తకాల్లోది మాత్రమే అయితే ఇంత చెప్పను. దస్త్రంలో అక్షరం తప్పైతే, అంటే జన్యుమార్పు వస్తే, దాన్ని వెనక్కి తిప్పడం కష్టం. నకళ్ళ వ్యవహారం మారితే తిప్పడానికి వీలుంది. గుమాస్తాని మార్చొచ్చు, స్పాంజిని తీసెయ్యొచ్చు, రబ్బరుని లాక్కోవచ్చు. లొంగని గడ్డ మళ్ళీ లొంగొచ్చు. శాస్త్రవేత్తలు ఆర్‌ఎన్‌ఏ వెంట ఇంతగా పడటానికి కారణం ఈ ఆశే, నాకూ అదే.

ఆశ ఉంది కానీ మందు మాత్రం ఇంకా చేతికి రాలేదు. మంచి గుమాస్తా ఒకడు మిర్-34. దాన్ని కొవ్వు బుడగల్లో పెట్టి క్యాన్సర్ రోగులకి ఎక్కించే ప్రయోగం 2013లో మొదలైంది. మనుషుల మీద మైక్రో ఆర్‌ఎన్‌ఏని మందుగా పరీక్షించిన తొలి క్యాన్సర్ ప్రయత్నం అది. రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా తిరగబడి కొందరి ప్రాణం మీదికి రావడంతో 2016లో ఆపేశారు. ఒక నకలుని మాత్రమే గురిపెట్టే చిన్న ఆర్‌ఎన్‌ఏ మందు ఒకటి 2018లో అనుమతి పొందింది, అయితే అది క్యాన్సర్‌కి కాదు, నరాలని దెబ్బతీసే వంశపారంపర్య జబ్బుకి. అది పనిచేసే చోటు కాలేయం. కొవ్వు బుడగల్లో పెట్టి రక్తంలోకి ఎక్కించిన ఆర్‌ఎన్‌ఏ చాలామటుకు కాలేయానికే చేరుతుంది. దాన్ని బుగ్గలోని గడ్డకి చేర్చడం వేరే విద్య. కంటికి కనబడే, వేలికి తగిలే గడ్డ కాబట్టి నోటి క్యాన్సర్‌కి సూదితో నేరుగా అక్కడే ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. మెడలోని గ్రంథుల దాకా పాకినదాన్ని ఆ సూది అందుకోలేదు.

ఈ రంగంలో ఇంకో చిక్కు ఉంది, దాచకూడనిది. ఆర్‌ఎన్‌ఏ, క్యాన్సర్ మాటలు కలిసిన పరిశోధన పత్రాల్లో చాలా వాటిని, బొమ్మలు మార్చి అతికించారనో, డబ్బుకి రాయించారనో తేలి, పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. నిఖార్సైన పని చేసినవాళ్ళకి కూడా దాని మరక అంటుతోంది. ఒక పత్రం చదివి ఊగిపోవడం మానేసి, అదే సంగతి ఇంకో ప్రయోగశాలలో, ఇంకో దేశంలో, రోగుల గడ్డల్లో కనిపించిందా అని అడగడం నేర్చుకున్నాను.

ఎవరి నాలుక, ఎవరి బుగ్గ

రోగుల గడ్డల్లో అన్నాను కదా. ప్రపంచమంతా నోటి క్యాన్సర్ ప్రయోగాలకి ఎక్కువగా వాడే కణాల్లో ఒకటి కాల్-27. 1982లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో 56 ఏళ్ళ తెల్లజాతి రోగి నాలుక నడిమి గడ్డ నుంచి, చికిత్స మొదలుపెట్టక ముందు తీసినవి. ఆ కణాలు ఇప్పటికీ గాజు పళ్ళేల్లో పెరుగుతున్నాయి, వాటినుంచి ఎంతో నేర్చుకున్నాం. కానీ మా బాబాయికి వచ్చింది నాలుక మీద కాదు. గుట్కా, ఖైనీ, వక్క, జర్దా పెట్టుకునే బుగ్గకీ చిగురుకీ మధ్యన. మనదేశంలో ఎక్కువగా వచ్చేది అక్కడే. పశ్చిమ బెంగాల్ కల్యాణిలోని జీనోమ్ సంస్థ, నవీ ముంబయిలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ యాక్ట్రెక్ కలిసి 110 మంది భారతీయుల బుగ్గ, చిగురు గడ్డల డీఎన్‌ఏ చదివి 2013లో ప్రచురిస్తే, పాత జన్యువులతో పాటు అంతవరకూ లెక్కలో లేని కొత్తవి ఐదు బయటపడ్డాయి. దస్త్రాలే వేరైనప్పుడు నకళ్ళు ఒకటే అని ఎలా అనుకుంటాం?

ఉత్తరాంధ్ర సంగతి మరీ వేరు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆడవాళ్ళు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉంది. మా అమ్మమ్మ కూడా తాగేది. కళ్ళాపి చల్లుతూ, చేతులు తడవకుండా చూసుకునే పని లేకుండా, పెదాల మధ్య చుట్ట ఆరకుండా తిప్పుకోవడం చిన్నప్పుడు వింతగా చూసేవాణ్ణి. బొంబాయి, కోపెన్‌హాగన్ పరిశోధకులు ఆంధ్రలోని 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు తెరిచి చూసి, ఆ నిప్పు అంగిలిని ఏం చేస్తోందో 1971లో రాశారు. అంగిలి మీద క్యాన్సర్ మిగతా ప్రపంచంలో అరుదు. ఆ ఆడవాళ్ళ అంగిలి గడ్డల్లో ఏ మైక్రో ఆర్‌ఎన్‌ఏ పెరిగింది, ఏది తగ్గింది, సిస్‌ప్లాటిన్‌కి అవి ఎలా స్పందిస్తాయి? ఫ్రెంచి నాలుక చెప్పలేదు. శ్రీకాకుళం అంగిలే చెప్పాలి.

ఆర్‌ఎన్‌ఏ మందుగా రాకముందే జోస్యంగా రావొచ్చునని నా నమ్మకం. ఉమ్మిలో కూడా మైక్రో ఆర్‌ఎన్‌ఏలు చెక్కుచెదరకుండా ఉంటాయి. నోటి క్యాన్సర్ రోగుల ఉమ్మిలో మిర్-200ఏ, మిర్-125ఏ తగ్గి ఉండటం లాస్ ఏంజెలెస్ పరిశోధకులు 2009లోనే చూశారు. గడ్డ సిస్‌ప్లాటిన్‌కి లొంగుతుందా లేదా అన్నది మొదటి సెలైన్ ఎక్కించకముందే పది మిల్లీలీటర్ల ఉమ్మి చెప్పగలిగితే, లొంగనివాళ్ళకి ఆ వాంతులు, చెవుల్లో హోరు, మూత్రపిండాల దెబ్బ, మూడు నెలల కాలం మిగుల్తాయి. ముదిరిన నోటి క్యాన్సర్‌లో మూడు నెలలంటే చిన్న సంగతి కాదు. వాటిని ఇంకో దారికి వాడుకోవచ్చు. దారులు ఉన్నాయి కూడా. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 422 మంది మీద చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో, ఇక నయం కాదన్న తల, మెడ క్యాన్సర్ రోగులకి ఇంట్లో మింగే మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్ మాత్రలు సిస్‌ప్లాటిన్ ఇంజెక్షన్ కన్నా ఎక్కువ కాలం ఇచ్చాయి. 6.1 నెలలకి బదులు 7.5 నెలలు. ఆ మెథోట్రెక్సేట్ పుట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో. తక్కువ ఖరీదు మాత్ర, మంచం మీద సూదులు లేవు. ఎవరికి ఏ దారి అన్నది ముందే తెలియకపోవడమే లోటు.

దానికి కావలసింది మన గడ్డలు. కీమోకి ముందు తీసిన ముక్క, మందు పట్టడం మానేశాక తీసిన ముక్క, రెండూ. మొదటిది ప్రతి రోగికీ ఉంటుంది, బయాప్సీ లేకుండా కీమో మొదలుపెట్టరు. రెండోది మాత్రం చాలాసార్లు ఎవరూ తియ్యరు. ఓడిపోయిన మనిషిని మళ్ళీ కొయ్యడానికి ఇంట్లోవాళ్ళకి మనసొప్పదు, వైద్యులకీ ఒప్పదు. మా బాబాయికీ తియ్యలేదు. అడిగుంటే నేనే వద్దని ఉండేవాణ్ణి. ఇప్పుడు అడిగితే ఒప్పుకోమని ఆయనకి చెప్పేవాణ్ణేమో.

మొదటి ముక్క మాత్రం ఉంది. రెండో అభిప్రాయం కోసం వేరే ఊరు తీసుకెళ్ళినప్పుడు ఆసుపత్రివాళ్ళు గాజు స్లైడ్లతో పాటు మైనపు దిమ్మ కూడా చేతికిచ్చారు. బయాప్సీ ముక్కని ఫార్మలిన్‌లో నానబెట్టి పారఫిన్ మైనంలో పోసి ఉంచుతారు. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. మైనం మధ్యలో గోధుమ రంగు మచ్చలా బాబాయి బుగ్గ ముక్క. పక్కన పెన్సిలుతో రాసిన నంబరు. పెద్ద ఆర్‌ఎన్‌ఏలు ఆ మైనంలో ఏళ్ళు గడిచేకొద్దీ ముక్కలైపోతాయి. 22 అక్షరాల మైక్రోలు మాత్రం పొట్టివి కాబట్టే చాలావరకు నిలుస్తాయి. పాత దిమ్మల్ని గీకి వాటిని చదువుతున్నారు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పిన్నిని అడిగాను, ఆ దిమ్మ పారేశావా అని.

"ఎందుకు పారేస్తానురా? ఆయనదే కదా" అంది. బీరువా తెరిచి, రేషన్ కార్డు, లారీ లైసెన్సు, కీమో చీటీలు ఉన్న ప్లాస్టిక్ కవరు తీసింది. మగ్గు గీతలు చూసి మూత్రం లెక్క రాసిన కాగితాలు కూడా వాటిలోనే ఉన్నాయి. దిమ్మని అరచేతిలో పెట్టుకుని, "దీంట్లో ఏముంటుంది?" అని అడిగింది.

ఆ రోజు ఆసుపత్రిలో నువ్వు అడిగిన మూడు ప్రశ్నలకీ జవాబు ఉండొచ్చు పిన్నీ, అన్నాను. ఆవిడ దాన్ని ట్యూబ్‌లైటు వెలుతురుకి ఎత్తి కాసేపు చూసి, మళ్ళీ దూదిలో చుట్టింది.